రేకుల గోడౌను గారికి ఒక సన్మాన పత్రం

మహారాజశ్రీ రేకుల గోడౌను గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ దగ్గరున్న విత్తన బుడ్డల (అదే, వేరుశనగ కాయల) క్షేమం మాత్రం మొలిస్తేగానీ తెలీదు.

అనంతపురం మే నెల ఎండకి ఊరంతా నీడ వెతుక్కుంటుంటే మీరొక్కరే రేకు నెత్తినేసుకుని పరిశోధనలో మునిగిపోయారు. ముంబై ట్రాంబేలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు వేరుశనగలో కొత్త రకాల కోసం, డీఎన్‌ఏ మారేలా విత్తనాల మీదికి కిరణాలు పంపిస్తారు. టీఏజీ-24 లాంటి రకాలు ఆ కృషిలోంచి వచ్చినవే. దానికి ల్యాబు, శాస్త్రవేత్తలు, ఏళ్ల తరబడి ఖర్చు. మీకు నాలుగు గోడలు, కిటికీ పెట్టడం మర్చిపోయిన మేస్త్రీ చాలు. ఒక్క తేడా ఉంది లెండి. వాళ్లు తరాల తరబడి పెంచి, పనికిరానివన్నీ ఏరి పారేసి, మిగిలింది రైతుకిస్తారు. మీరు ఆ ఏరే పని కూడా రైతుకే వదిలేశారు.

గింజ హాయిగా నిద్రపోతోందని మేం అనుకుంటాం. లోపల మాత్రం దానికి వయసు మీదపడుతూనే ఉంటుంది. వేరుశనగ పప్పులో దాదాపు సగం నూనే కదా. వేడికీ గాలికీ అది చెడుతుంది. ఆ చెడేటప్పుడు పుట్టేవి కణాల పొరల్నీ డీఎన్‌ఏనీ కొరికేస్తాయి. పచ్చని మొక్కయితే తెగిన డీఎన్‌ఏని ఎప్పటికప్పుడు అతుక్కుంటుంది. ఎండు గింజలో తగినంత నీళ్లేవి? అందుకే తెగినవన్నీ పేరుకుపోయి, పదునులో పడ్డ రోజున బాకీ మొత్తం ఒక్కసారే నెత్తిమీద పడుతుంది.

ఆ రోజు ముందు రిపేరు, తర్వాతే మొలక. అరబిడాప్సిస్ అనే ఆవ జాతి మొక్క మీద ఇంగ్లండులోని లీడ్స్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ఈ సంగతి చూపించారు. పాత గింజలో అతుకులు పూర్తయ్యేదాకా మొలకని ఆపి ఉంచే ప్రోటీన్ ఒకటుంది. దాని పేరు ఏటీఎం. (ఏటీఎం దగ్గర ఆగడం మనకి అలవాటే.) అది లేని గింజలు ఆగకుండా మొలిచాయి, కానీ వాటి క్రోమోజోములు ఎక్కువగా దెబ్బతిని ఉన్నాయి.

ఇంత జరిగాక మా చేలో మీ ప్రతిభ చూడాలి. ఒకే సాలు, ఒకే వాన, ఒకే గొర్రు. ఒక మొక్క నాలుగాకులు విప్పి నిలబడితే పక్కది అప్పుడే మన్ను పగలదీస్తుంటుంది. దాని పక్కది తవ్వి చూస్తే వేరు మొద్దుబారి వంకర తిరిగి ఉంది. ఆ తర్వాత మూరెడు ఖాళీ. విత్తనశుద్ధి చెయ్యలేదా అంటారేమో, చేశాం. ఆ మందు బూజుని ఆపుతుంది గానీ తెగిన డీఎన్‌ఏని అతకదు.

ఇక ఇది ధ్రువీకరించిన విత్తనమని బస్తాకి కుట్టిన ఆ నీలం ట్యాగు మీకు గట్టి సాక్షి. వేరుశనగకి కనీసం 70 శాతం మొలక ఉండాలి, పరీక్ష చేసిన రోజు నుంచి 9 నెలలు చెల్లుతుంది. నిజమే, ఆ రోజున మొలిచే ఉంటాయి. తర్వాత మీ ఒళ్లో గడిపిన వేసవి సంగతి ట్యాగుకి ఎవరూ చెప్పలేదు. విత్తనాల నిల్వకి హారింగ్టన్ అనే శాస్త్రవేత్త చెప్పిన లెక్కని మోటుగా వాడినా, 5 డిగ్రీలు పెరిగితే గింజ ఆయుష్షు సగమవుతుంది. 25 డిగ్రీల్లో ఉండాల్సింది 45లో మగ్గితే 16వ వంతు మిగులుతుంది. గింజలో తేమ 1 శాతం పెరిగినా మళ్లీ సగమే. మీరేమో మొదటి వానకి కారడం కూడా మొదలుపెడతారు!

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థలో విత్తనాల్ని మైనస్ 20 డిగ్రీల్లో దాస్తారు. అంత మర్యాద మేం అడగడం లేదు. బస్తాల కింద చెక్కలు, గోడకి కాస్త ఎడం, పైన వేడి గాలి పోయే దారి. కాయని కాయగానే ఉంచి, విత్తే ముందే ఒలవనివ్వండి. అంతే.

ఈసారి ట్యాగుని పక్కనపెట్టి, 100 గింజలు తడి గోనెసంచిలో చుట్టిపెట్టాను. 70కి తగ్గితే బస్తాలన్నీ తెచ్చి మీ గుమ్మంలోనే దించుతాను, రసీదు భద్రంగా ఉంది. తలుపులు బార్లా తీసి ఉంచండి. దించుకున్నంతసేపైనా మీకు కాస్త గాలి ఆడుతుంది.

ఇట్లు,
మీ ప్రయోగశాలకి అడక్కుండానే పొలం ఇచ్చిన రైతు