దీవి ఎందుకు, క్యూ చాలదా?

శాన్ వాన్ దీవులకు వెళ్లే కార్ల ఫెర్రీ విషయంలో వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వం ఒక చిన్న దిద్దుబాటు చేసుకోవాలని నా సవినయ మనవి. దీవుల్ని తీసేయాలి. అనకోర్టెస్ రేవు, టోల్‌బూత్, దాని అవతల లైన్లు, ఆ లైన్లలో కార్లు యథాతథంగా ఉండాలి. పడవ కూడా ఉండనివ్వండి. ఆలస్యం కావడానికైనా ఒక పడవంటూ కావాలి కదా.

తొందరపడి నవ్వకండి. ఈ యాత్రలో మనిషికి నిజంగా దక్కేదేమిటో చూడండి. ఆ దీవుల్లో ఒకటైన ఆర్కస్‌లోని మొరాన్ స్టేట్ పార్కులో టెంటు వేసుకునే చోటును తొమ్మిది నెలల ముందు నుంచీ బుక్ చేసుకోవచ్చు. అంటే ఇద్దరు కలిసి అనుకున్న ప్రయాణం, రోజు దగ్గరపడేసరికి ముగ్గురిది కావడానికి సరిపడా వ్యవధి. టెంటుకు చోటు దొరికాక కారుకు పడవలో చోటు దొరకాలి. ఆ చోట్లను మూడు విడతలుగా వదులుతారు. కొన్ని సీజన్ మొదలవడానికి రెండు నెలల ముందు, కొన్ని ప్రయాణానికి రెండు వారాల ముందు, కొన్ని రెండు రోజుల ముందు, పొద్దున 7 గంటలకు. మిగిలిన కాసిని స్టాండ్‌బై వాళ్లకు, అంటే రిజర్వేషన్ లేకుండా వచ్చి నిలబడేవాళ్లకు.

ఈ ఏర్పాటు చూసి మామూలు అమెరికన్ బెంబేలెత్తిపోతాడు. సియాటిల్ పక్కన రెడ్మండ్‌లో, బోతెల్‌లో ఉండే మనవాళ్లకు మాత్రం ప్రాణం లేచొస్తుంది. తిరుమల 300 రూపాయల దర్శనం కోటా కోసం ఇంటిల్లిపాదీ తలో ఫోనూ పట్టుకుని పది గంటలు కొట్టే క్షణం కోసం ఊపిరి బిగబట్టిన జాతి మనది. ఓటీపీ వచ్చే లోపు పేర్లు, వయసులు టైపు చేయగల వేళ్లు మనవి. మూడు విడతల కోటా మనకొక లెక్కా? స్టాండ్‌బై అంటే సర్వదర్శనం అని ఒక్క ముక్కలో చెబితే మొన్న వీసా మీద దిగిన అత్తగారికి కూడా అర్థమైపోతుంది. "అయితే పెరుగన్నం ఎక్కువ కలుపుతానమ్మా" అంటుంది ఆవిడ. ఫెర్రీ వెబ్‌సైటులో ఉన్న సూచనలన్నిటి కన్నా పనికొచ్చే సూచన అది.

ఇక క్యూ సంగతి. రిజర్వేషన్ ఉన్నా బాగా ముందే వచ్చి నిలబడాలి. లోపెజ్ దీవికి వెళ్లేవాళ్లొక లైను, ఆర్కస్‌కు ఒకటి, శాన్ వాన్ దీవి రేవైన ఫ్రైడే హార్బర్‌కు ఒకటి. ఇంజన్లు ఆగుతాయి. డిక్కీలు లేస్తాయి. కాస్ట్‌కో మడత కుర్చీలు బయటికొస్తాయి. పులిహోర డబ్బా మూత తీసేసరికి మూడు లైన్ల అవతలి నుంచి ఒకాయన, "అన్నా, మీరు కాకినాడవాళ్లా?" అంటాడు. ఇంగువ వాసన బట్టి జిల్లా కనిపెట్టాడు మహానుభావుడు. "అక్కా, మిమ్మల్ని మొన్న బతుకమ్మలో చూశాను" అని ఇంకొకావిడ. అరగంటలో పిల్లలంతా ఒక జట్టు, మగవాళ్లంతా గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేట్ల దగ్గర ఒక జట్టు. జనానికి దూరంగా, ఎవరూ లేని చోటికి పోదామని బయల్దేరిన ఆరు కుటుంబాలు, అదే ఉద్దేశంతో బయల్దేరిన మరో ఇరవై కుటుంబాలను కలుసుకున్న శుభవేళ అది. క్యాంపింగ్ అంటే ఇదే కదండీ? ఆరుబయట కూర్చున్నాం, సముద్రం కనిపిస్తోంది, బాత్రూము దూరంగా ఉంది. ఇంకేం తక్కువైంది?

పడవలో గంటసేపు ప్రయాణానికి నాకు అభ్యంతరం లేదు. బల్లల మీద ఎవరో సగం పేర్చి వదిలేసిన జిగ్‌సా పజిల్స్ ఉంటాయి. ఏ పజిలూ మనం చివరికంటా పేర్చలేం, మన రేవు వచ్చేస్తుంది. కింద కార్ల డెక్కు అదురుకు ఎవరిదో కారు అలారం మోగుతుంది. ఫలానా రంగు, ఫలానా నెంబరు బండి యజమాని వెంటనే కిందికి రావాలని మైకులో పిలుస్తారు. లోకం నుంచి పారిపోయి వచ్చిన మనిషికి తన నెంబరు ప్లేటు మైకులో వినిపించడంలో ఒక గౌరవం ఉంది.

అసలు ఇబ్బంది దీవి దగ్గరే. దిగిన దగ్గర నుంచీ ఆశాభంగాలు. ఎండాకాలం ముదిరితే మంట పెట్టుకోకూడదంటారు. మొక్కజొన్న కండెలు మోసుకెళ్లినవాడు వాటి వంక చూస్తూ కూర్చోవాలి. రాత్రి రకూన్లు వచ్చి జంతికల డబ్బా మూత మనకన్నా నేర్పుగా తీస్తాయి. ఆర్కస్‌లోని కాన్‌స్టిట్యూషన్ కొండ 2,409 అడుగులు. ఎక్కితే బేకర్ పర్వతం, కెనడా వైపు దీవులు కనిపిస్తాయి. ఈలోగా మన ఫోను కెనడా టవర్‌ను పట్టుకుని, విదేశానికి స్వాగతం అని మెసేజ్ పంపుతుంది. పాస్‌పోర్టులో హెచ్1బీ వీసా స్టాంపింగ్ కాని మనిషికి కొండ మీద ఆ మెసేజ్ చదివితే గుండె ఎలా కొట్టుకుంటుందో ప్రభుత్వం ఎన్నడైనా ఆలోచించిందా?

ఈ దీవుల్లో క్యాంపింగ్‌కు పెద్ద చరిత్రే ఉంది. 1859లో శాన్ వాన్ దీవిలో ఒక అమెరికన్ రైతు, తన బంగాళాదుంపలు తింటున్న పందిని కాల్చేశాడు. పంది హడ్సన్స్ బే కంపెనీది, అంటే బ్రిటిష్ పంది. దీవి ఎవరిదో అప్పటికింకా తేలలేదు. అటు నుంచి యుద్ధనౌకలు, ఇటు నుంచి ఫిరంగులు వచ్చాయి. వచ్చిన వాళ్లు ఒకరినొకరు కాల్చుకోలేదు. దీవికి ఈ చివర అమెరికన్లు, ఆ చివర బ్రిటిష్‌వాళ్లు శిబిరాలు వేసుకుని పన్నెండేళ్లు కూర్చున్నారు. ఒకరి పండగలకు ఒకరు వెళ్లి తిని తాగి వచ్చారు. ఆ యుద్ధంలో పోయిన ప్రాణం పందిదొక్కటే. చివరికి 1872లో జర్మనీ చక్రవర్తి మొదటి విల్హెల్మ్ మధ్యవర్తిగా, దీవి అమెరికాదని తేల్చాడు.

అంటే రెండు సైన్యాలు పన్నెండేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉండగా, కన్ఫర్మేషన్ బెర్లిన్ నుంచి వచ్చింది. దీవి మీద కూర్చున్న వాడి చేతిలో ఏమీ ఉండదనడానికి ఇంతకన్నా రుజువు కావాలా? ఆ రెండు స్థలాలనూ ఇప్పటికీ అమెరికన్ క్యాంప్, ఇంగ్లిష్ క్యాంప్ అనే పిలుస్తారు. రెండూ జాతీయ చారిత్రక పార్కులో ఉన్నాయి. అక్కడ టెంటు వేసి రాత్రి ఉండటం నిషిద్ధం. పన్నెండేళ్లకు సరిపడా క్యాంపింగ్ అప్పుడే అయిపోయిందని కాబోలు.

ఖర్చు గురించి ఎవరో ఒకరు అడుగుతారు. అనకోర్టెస్‌లో టికెట్టు డబ్బులు వెళ్లేటప్పుడే తీసుకుంటారు, తిరుగు ప్రయాణానికి పైసా అడగరు. దీవి నుంచి బయటపడటానికి డబ్బు అడగడం మరీ అన్యాయమని ఏ దయగల గుమాస్తాకో తోచి ఉంటుంది. నా పద్ధతిలో అసలు దీవికి వెళ్లేదే లేదు కనుక ఆ టికెట్టు కూడా మిగులుతుంది. రేవులో కుర్చీ వేసుకునేందుకు నామమాత్రపు రుసుము పెట్టుకోండి, కాదనను. బాత్రూము మాత్రం ఒకటి అదనంగా కట్టండి.

ఈ ప్రతిపాదన మీద అభ్యంతరాలను మూడు విడతలుగా స్వీకరిస్తాను, పొద్దున 7 గంటలకు. ఆ వేళకు లాగిన్ కాలేకపోయినవాళ్లు స్టాండ్‌బైలో నిలబడొచ్చు. పెరుగన్నం తెచ్చుకోండి.