సులువుగా పెరిగే కూరగాయలతో జాగ్రత్త!

గుంటూరులో కొత్తగా మిద్దె తోట మొదలుపెట్టేవాళ్లకు ఈమధ్య ఎవరు పడితే వాళ్లు ఒక సలహా ఇచ్చేస్తున్నారు. ముందు తేలికైనవి వేసుకోండి, తోటకూర, మెంతికూర, గోంగూర లాంటివి, అని. దీనివల్ల మిద్దె తోట అనే గౌరవప్రదమైన వ్యాపకం ఏ గతి పడుతుందో ఆలోచించే నాథుడు లేడు.

తోటకూర సంగతే చూడండి. సన్నటి విత్తనాన్ని కాస్త ఇసుకలో కలిపి చల్లితే వారం లోపే మొలుస్తుంది, నెల తిరిగేసరికి పప్పులోకి వస్తుంది. పీకకుండా పైపైన తుంచితే మళ్లీ చిగురేస్తుంది. మరి మనం వేలు పోసి కొన్న స్ప్రేయరు, మట్టిలో తేమ కొలిచే మీటరు ఏం కావాలి? మెంతికూర ఇంకా అన్యాయం. పోపులపెట్టెలోంచి గుప్పెడు మెంతులు తీసి, రాత్రంతా నానబెట్టి, అడుగున చిల్లులున్న పాత టబ్బులో జల్లితే మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది. విత్తనాల ప్యాకెట్టు కూడా కొననక్కర్లేని దాన్ని తోటపని అంటారా?

బెండకాయది మరో రకం దౌర్జన్యం. నెలన్నరకే కాపు మొదలుపెడుతుంది, ఇక మనల్ని ఊరు కదలనివ్వదు. పెళ్లికని వెళ్లి నాలుగు రోజులు ఆగి వస్తే కాయలన్నీ ముదిరి, కత్తికి కూడా లొంగకుండా నిలబడి ఉంటాయి. అప్పుడప్పుడూ పిండినల్లి పట్టడం ఒక్కటే దీనితో ఊరట. వేపనూనె, సబ్బునీళ్లు కలిపి కొడుతూ నలుగురికీ కనపడొచ్చు.

పరువున్న మనిషి వేయాల్సినవి బ్రోకలీ, క్యాప్సికం, స్ట్రాబెర్రీ. బ్రోకలీని చలికాలంలో వేస్తే పొరపాటున ఎంతో కొంత వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఏప్రిల్‌లోనే వేయాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది. ఒక్కోసారి 45 డిగ్రీలు కాసే ఎండలో, కింద స్లాబు నుంచి సెగ కొడుతుంటే, ఆ మొక్క చూపించే పోరాటపటిమ చూడాలి. టమాటా కూడా వేసవిలోనే బాగుంటుంది. 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, ఎందుకు రాలిందో నెలల తరబడి చర్చించుకోవచ్చు. అక్టోబరులో నారు పెట్టుకునేవాళ్లు సంక్రాంతికల్లా కాయలు కోసుకుంటారు, పాపం వాళ్లకు మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

లిఫ్టులో పక్క ఫ్లాటు ఆంటీ అడుగుతారు: "ఏం వేశారండీ పైన?"

"గోంగూరండీ."

"ఓహో." ఆ తర్వాత ఆవిడ ఫ్లోరు నంబర్లు చూసుకుంటారు. అదే బ్రోకలీ అని చెప్పండి.

"అబ్బో! కాసిందా?"

"ఇంకా లేదండీ, క్లైమేట్ సెట్ అవ్వాలి."

ఈ ఒక్క జవాబుతో రెండేళ్లు గౌరవంగా బతకొచ్చు.

గోంగూరతో అసలు చిక్కు అది పెరగకపోవడం కాదు, ఆగకపోవడం. వానాకాలంలో నాలుగు సంచుల్లో వేసి కొమ్మలు కోస్తే, పక్కల నుంచి రెట్టింపు కొమ్మలొస్తాయి. మొదటి కట్ట ఇచ్చినప్పుడు ఇరుగుపొరుగు మురిసిపోతారు. రెండోసారి "మొన్నటిదే ఫ్రిజ్‌లో ఉందండీ" అంటారు. మూడోసారి కాలింగ్ బెల్ కొడితే లోపల టీవీ సౌండు తగ్గుతుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. చివరికి అంతా నిల్వపచ్చడి పెట్టాల్సొస్తుంది. ఆ నూనె ఖర్చు లెక్కేస్తే, తేలిక పంట అన్నవాళ్ల మీద కేసు వేయొచ్చు.

మిరప సంగతి నేను ఎత్తను. మిర్చి యార్డుకు లారీల కొద్దీ టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, దిగే ఊళ్లో, కుండీలో కాసిన ఏడు కాయల్ని ఫోటో తీసి స్టేటస్ పెట్టే ధైర్యం అందరికీ ఉండదు.

అందుకే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఆకుకూరలు వేసుకునేవాళ్లు వాటర్ ట్యాంకు వెనక, పరాయి కంట పడకుండా వేసుకోవాలి. మెట్లెక్కగానే కనిపించే చోట క్యాప్సికం కుండీలే ఉండాలి. మొక్క ఎండిపోతే పర్లేదు, పేరు రాసిన చెక్క గుచ్చి ఉంటే చాలు. ఇక బచ్చలి. చిన్న తుంట గుచ్చినా వేరు పట్టి, పిట్టగోడ దాటి, కింది ఫ్లాటు బాల్కనీ గ్రిల్లు దాకా పాకిన ఆ తీగ పైవాళ్లదా, కిందివాళ్లదా అన్నది వచ్చే మీటింగులో తేలాలి. ఈలోగా కిందివాళ్లు రోజూ పప్పులో వేసుకుంటున్నారని వినికిడి.