సవరణ: రూబెన్స్ చిత్రంలో ఉన్నది వీనస్ కాదు, సిబెలె

ఫ్లెమిష్ (నేటి బెల్జియం ప్రాంతపు) చిత్రకళలో భూమి, నీరు, అగ్ని, వాయువు అనే నాలుగు భూతాలను దేవతలుగా గీసిన తీరు గురించి ఇంతకు ముందు రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. చదివినవాళ్లందరూ క్షమించాలి.

మొదటిది పెద్ద తప్పు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్న, ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ గీసిన 'భూమి, నీరుల కలయిక'లో స్త్రీ ప్రేమదేవత వీనస్ అని, అది ప్రేమికుల చిత్రమని రాశాను. ఆమె భూమాత సిబెలె. చేతిలో పండ్లతో నిండిన సమృద్ధి కొమ్ము ఉంటుంది. పక్కన త్రిశూలంతో ఉన్నవాడు సముద్రదేవుడు నెప్ట్యూన్. కింద నెప్ట్యూన్ కొడుకు ట్రైటన్ శంఖం ఊదుతుంటాడు.

పేరు మారితే అర్థమే మారిపోతుంది, అందుకే ఇంత బాధపడుతున్నాను. ఈ చిత్రం సుమారు 1618 నాటిది. రూబెన్స్ ఊరు ఆంట్వెర్ప్ స్కెల్డ్ట్ నది మీద బతికిన రేవు పట్టణం. 1585 తర్వాత డచ్చివాళ్లు ఆ నది ముఖద్వారాన్ని తమ అదుపులో పెట్టుకోవడంతో ఓడల వ్యాపారం బాగా దెబ్బతింది. నేల మళ్లీ సముద్రంతో కలవాలి, ఊరు మళ్లీ పచ్చగా ఉండాలి అన్న కోరిక ఈ జంటలో కనిపిస్తుందని చాలామంది పండితులు చెబుతారు. నాకూ అదే సరైనదనిపిస్తోంది. వీనస్ అనుకుంటే ఆ ఊరి ఆవేదనంతా మాయమైపోతుంది.

రెండోది: కార్డినల్ ఫెడెరికో బొర్రోమియో కోసం ఫ్లెమిష్ చిత్రకారుడు పెద్ద యాన్ బ్రూగెల్ (అదే పేరున్న కొడుకు కాదు, తండ్రి) గీసిన నాలుగు భూతాల చిత్రాలూ మిలాన్‌లోనే ఉన్నాయన్నాను. 1796లో నెపోలియన్ సైన్యం వాటిని పారిస్‌కు తీసుకెళ్లింది. అగ్ని, జలం మాత్రమే మిలాన్‌లోని అంబ్రోసియానా మ్యూజియానికి తిరిగొచ్చాయి. భూమి, వాయువు ఇప్పటికీ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలోనే ఉన్నాయి.