స్నోబోర్డు గారూ, ఎడమ చెయ్యి మాత్రం వదిలేయండి

స్నోబోర్డు గారికి,

నమస్కారం పెడదామంటే రెండు చేతులూ కలవడం లేదు, ఎడమ మణికట్టుకి పట్టీ ఉంది, ఒక్క చేత్తో పెట్టానని అనుకోండి. ఈ లేఖ కూడా కుడిచేతి చూపుడు వేలితోనే కొడుతున్నాను.

మంచుకొండల మీద జారుదామని మిమ్మల్ని ఇంటికి తెచ్చిన రోజు నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. కొత్తదాని ధరలో సగం కూడా లేదు, బూట్లని పట్టి ఉంచే బైండింగులు బిగించే ఉన్నాయి, కింద నాలుగు గీతలు, అంచున కాస్త తుప్పు, అంతేగా! అమ్మినాయన మిమ్మల్ని నా చేతుల్లో పెట్టి ఎందుకంత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడో అప్పుడు అర్థం కాలేదు. చౌకగా వచ్చింది మీరొక్కరే. మీ వెనకాల వచ్చిన బంధువర్గంలో ఒక్కరూ చౌక కాదు.

బూట్ల సంగతే చూడండి. బోర్డు పాతదైనా ఫర్వాలేదు గానీ బూట్లు పాతవి కొనొద్దని తెలిసినవాళ్ళంతా చెప్పారు. లోపలి లైనర్ ఎవరి కాలికి అలవాటుపడితే ఆ కాలి ఆకారంలోనే ఉండిపోతుందట, నేను తొడిగితే మడమ లోపల లేస్తుందట, మడమ లేస్తే నేను "ఇటు తిరగండి" అన్న మాట మీదాకా చేరేలోపు మీరు చెట్టు వైపు బయల్దేరి ఉంటారట. సరే, కొత్తవే కొన్నాను. కొన్నాక తేలింది, మీ నడుము, అదే మధ్యలో మీ వెడల్పు, నా పాదాలకి చాలనంత సన్నమని. వేళ్ళ వైపు వాలినప్పుడల్లా బూటు కొసలు మంచుని దున్నుతున్నాయి. ఇంక హెల్మెట్. అదీ పాతది పనికిరాదు, ఒక్కసారి గట్టి దెబ్బ తిన్నదైతే లోపలి ఫోమ్ నలిగిపోయి కూడా పైకి కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తూ ఉంటుంది. కొండపైకి తీసుకెళ్ళే లిఫ్ట్ టికెట్ దగ్గరైనా మిగుల్చుకుందామని రాత్రిపూట వెళ్ళాను. ఎందుకు తక్కువో పైకెళ్ళాక తెలిసింది, పగలు ఎండకి మెత్తబడిన మంచు రాత్రికి గచ్చులా బిగుసుకుపోతుంది. మొదటి సీజన్ అంతా అద్దెకి తీసుకుని ఉంటే సరిపోయేది. అద్దె దండగ అన్నది నేనే, ఒప్పుకుంటున్నాను.

అసలు నా బాధ ఇదీ కాదు. మీరు రాకముందు ఆ మూలన ఒక గిటార్ ఉండేది, ఇప్పటికీ ఉంది, మీ వెనకాల. నిజానికి మీరిద్దరూ ఒక జాతే, మీ ఒంట్లోనూ ఉన్నది చెక్కే, పైన ఫైబర్‌గ్లాస్ కప్పుకున్నారంతే. కానీ గదిలో తేమ 45-55 శాతం మధ్య లేకపోతే దానికి బెంగ. మీరేమో తడిసి ముద్దై వస్తారు, వెంటనే తుడవకపోతే అంచులకి తుప్పు. కొత్త తీగల కోసం దాచిన డబ్బు, మీరు బాగా జారడానికి అడుగున కరిగించి పూసే మైనానికి, అదే వ్యాక్స్‌కి పోయింది. ఆ వ్యాక్స్‌నైనా గౌరవంగా పూశానా అంటే, బట్టలకి వాడే స్టీమ్ ఇస్త్రీపెట్టెతో కరిగించబోయాను, దాని చిల్లుల్లోకి వ్యాక్స్ దూరింది, ఆ తర్వాత రెండు చొక్కాలు పోయాయి. అంచుల మీద మిగిలింది గిటార్ తీగలు మీటే పిక్‌తో గీకాను. ఆ పిక్ ఇప్పటికీ వేళ్ళ మధ్య నిలవకుండా జారిపోతోంది.

ఇక ఆ రాత్రి సంగతి. మడమ అంచు మీద నిలబడి, ఎండుటాకు గాలికి ఊగినట్టు కాసేపు అటూ కాసేపు ఇటూ, బుద్ధిగా పక్కకి జారుతున్నాను. ఎదురుగా కొండ దిగువంతా కనిపిస్తోంది, బాగానే ఉంది, అబ్బో వచ్చేసింది అనుకున్న ఆ క్షణంలోనే వేళ్ళ వైపు అంచు రవ్వంత కిందికి వాలి మంచులో దిగింది. మీరు ఆగిపోయారు, నేను ఆగలేదు. స్కీలైతే గట్టిగా పడితే బూటు దానంతటదే ఊడి వస్తుంది, మీరేమో రెండు కాళ్ళనీ కట్టేసుకుని వదలరు. పడేటప్పుడు పిడికిళ్ళు బిగించి ముంజేతుల మీద పడాలని నేర్పినాయన మొదటి గంటలోనే చెప్పాడు. ఆ పాఠం విన్నది నేను, నా చేతులు కాదు. అరచేయి చాపుకుని ముందుకెళ్ళాయి. అదీ ఎడమది! చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టి పట్టే ఎఫ్ కార్డ్ మూడు నెలలు ఏడ్చి సాధించాను, ఆ వారమే శుభ్రంగా మోగింది.

మీ వంశం గురించి చదివాక ఒళ్ళు మండింది. 1965 క్రిస్మస్ నాడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన ఆడపిల్లలు ఆడుకోడానికి రెండు స్కీలు జతచేసి మీ పూర్వీకుణ్ణి తయారుచేశాడు. స్నర్ఫర్ పేరుతో అమ్మకానికి వచ్చిన ఆ పూర్వీకుడికి ముక్కున ఒక తాడు ఉండేది, ఎక్కినవాళ్ళు పట్టుకోడానికి. ఆ తాడు ఎందుకు తీసేయించుకున్నారు? చేతులు తాడు మీద ఉంటే ఇంత తేలిగ్గా మంచు మీదికి పోవుగా. 1998లో నగానో ఒలింపిక్స్‌కి వెళ్ళొచ్చాక మరీ పెద్దవారైపోయారు. అమెరికాలో మూడు స్కీయింగ్ కొండల మీద, ఆల్టా, డీర్ వ్యాలీ, మ్యాడ్ రివర్ గ్లెన్‌లో, ఇప్పటికీ మిమ్మల్ని కొండ ఎక్కనివ్వరట. స్నోబోర్డర్లంతా దాన్ని వివక్ష అంటారు. నాకైతే వాళ్ళు దూరదృష్టి ఉన్నవాళ్ళలా కనిపిస్తున్నారు.

పట్టీ ఇంకో రెండు వారాలు. మణికట్టు గార్డులు కొన్నాను, మళ్ళీ తీగల డబ్బుతోనే, మొదటి రోజే కొనాల్సినవి. పాత తీగలు ఇంకో సీజన్ మోగుతాయిలే అని గిటార్‌కి సర్దిచెప్పాను, అది ఏమీ అనలేదు, మూడో తీగ మాత్రం శ్రుతి తప్పింది. ఈసారి నడుం మీద పడేయండి, మోకాలు తీసుకోండి, మాట్లాడను.

ఇట్లు,
మీ మీద రెండు కాళ్ళూ పెట్టినవాడు

తా.క.: నిన్న మీ అంచులు తుడిచాను, ఒంటిచేత్తో. ఎడమ వైపు చివర తుప్పు ఇంకా వదల్లేదు.