బీఎస్ఓ అంటే ఏంటో ఆమెకెవరు చెప్పాలి?

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే, వరసకి పిన్ని అయ్యే ఒకామె బట్టల షాపు కవరొకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. లోపల స్కానింగ్ ఫిల్ములు, మందుల చీటీలు, నాలుగు మడతలు పెట్టిన డిశ్చార్జి కాగితం. ఐదేళ్ల కిందట, ముప్పై ఆరో ఏట గర్భసంచి తీయించుకుంది. అప్పట్నుంచీ ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర పట్టదు. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగుతోంది. కాగితంలో ఆపరేషన్ పేరు రాసే చోట ‘టీఏహెచ్ ప్లస్ బీఎస్ఓ’ అని ఇంగ్లీషు పొడి అక్షరాలున్నాయి. టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచి తీయడం. బీఎస్ఓ అంటే రెండు అండాశయాలూ, వాటి గొట్టాలూ కూడా తీసేశారని. ఐదేళ్లుగా ఆమెకా సంగతి తెలీదు. ఆ మూడక్షరాలూ ఏదో మందు పేరనుకుందట.

మన దగ్గర గర్భసంచి ఆపరేషన్ల గొడవ పాతదే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కొట్టే కూలీలు 82,309 మందిని విచారిస్తే 13,861 మందికి గర్భసంచి లేదని 2019లో తేలింది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం 2022లో మార్గదర్శకాలు తెచ్చింది, మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. జిల్లాకో పర్యవేక్షణ కమిటీ, నలభై లోపు వాళ్ల కేసులకు ప్రత్యేకంగా లెక్క. సంతోషమే. కమిటీ కూర్చుని లెక్కేసేటప్పటికి గర్భసంచి ఎటూ పోయి ఉంటుంది. నాకు పట్టింపల్లా అంతకు ముందు గంట మీదే, కాగితం మీద సంతకం పెట్టించుకునే గంట.

‘మేం తీస్తామనడం లేదండీ, వాళ్లే వచ్చి తీసేయమంటున్నారు’ అంటారు డాక్టర్లు. అబద్ధమేం కాదు. నెలకి పది రోజులు రక్తం పోతూ మిరప కోతకెళ్లే మనిషి ఇంకేమడుగుతుంది? పెద్ద గడ్డలున్నా, గర్భసంచి జారినా, క్యాన్సరైనా ఈ ఆపరేషనే దిక్కు కావచ్చు కూడా.

అయితే ఏం తెలిసి అడుగుతోంది? తెల్లబట్ట అవుతోందని ఆర్ఎంపీ దగ్గరికెళ్తే ‘పుండు పడింది, రేపు క్యాన్సర్‌లోకి దిగుద్ది’ అని భయపెట్టి ఆటో ఎక్కిస్తాడు. (ఆ ఆటో ఏ నర్సింగ్ హోం ముందు ఆగాలో అతనికి ముందే తెలుసు.) తెల్లబట్ట చాలాసార్లు మందులతో తగ్గే ఇన్ఫెక్షన్. క్యాన్సర్ అనుమానముంటే పాప్ స్మియర్ (గర్భసంచి మూతి దగ్గర కణాలు తీసి చేసే పరీక్ష) చేసి చూడొచ్చు. రక్తస్రావం ఎక్కువైతే ముందు రక్తం ఎంతుందో, థైరాయిడ్ ఎలా ఉందో చూడాలి. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలున్నాయి, కొన్నేళ్లపాటు గర్భసంచి లోపల ఉండి పనిచేసే హార్మోన్ లూప్ ఉంది. ఇవన్నీ విన్నాక కూడా తీసేయమంటే అది ఆమె నిర్ణయం, ఎవరూ కాదనకూడదు. పిల్లలయిపోయాక ఇంకెందుకది అని అత్త, భర్త, డాక్టరు ఒకే మాట మీద ఉన్నప్పుడు ఆమె తలూపితే దాన్ని అంగీకారమని ఎలా రాసుకుంటాం?

ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత లోపల ఏముందో చూడ్డానికని ల్యాపరోస్కోపీకి (చిన్న గాటు పెట్టి కెమెరాతో చూసే పరీక్షకి) ఒప్పుకుంటే, మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ప్రాణం మీదికి రానప్పుడు, ఒకదానికిచ్చిన అంగీకారం ఇంకోదానికి పనికిరాదంది. ఏం చేస్తున్నారో, వేరే దారేముందో, ముప్పేమిటో రోగికి చెప్పి తీరాలంది. తీర్పు అంత స్పష్టంగా ఉంటే డాక్టర్ల వృత్తి ప్రవర్తనపై 2002 నిబంధనలు చూడండి. ఆపరేషన్‌కి ముందు రాతపూర్వక అంగీకారం ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పే వాక్యం ‘భర్త లేదా భార్య’తో మొదలై, మైనరైతే తల్లిదండ్రుల మీదుగా, చిట్టచివరికి రోగి దగ్గరికొస్తుంది. ఒళ్లు ఎవరిదో వాళ్లు వరసలో ఆఖరు.

ఇక భాష. మా ఊళ్లో పావెకరం అమ్మితే దస్తావేజు తెలుగులో రాస్తారు. తూర్పున ఎవరి చేను, పడమర ఏ డొంక, ఉత్తరాన ఏ కాలువ, అన్నీ ఉంటాయి. చదవడం రానివాళ్లకి చదివి వినిపించి మరీ వేలిముద్ర వేయిస్తారు. ఒంట్లోంచి అవయవాలు తీసే కాగితానికి మాత్రం హద్దులుండవు. ‘మీ గర్భసంచి తీస్తున్నాం, అండాశయాలు తీస్తున్నాం లేదా ఉంచుతున్నాం, కారణం ఇది’ అని నాలుగు తెలుగు వాక్యాలు అచ్చేసి పెట్టుకోవడానికి ఏ ఆస్పత్రికైనా ఎంత ఖర్చవుతుంది? ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త కూడా దాన్ని చదివి చెప్పగలదు.

ముట్లు వాటంతటవే ఆగక ముందే అండాశయాలు తీసేస్తే, అవి తయారుచేసే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అందుకే ఇంత చిన్న వయసులో తీసినవాళ్లకి, వేరే అడ్డంకి లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ మందులివ్వాలంటారు. పిన్నికి ఆ మాట చెప్పినవాళ్లు లేరు. తీసిన సంగతే తెలియని మనిషి మందెలా అడుగుతుంది?

కాగితం మడిచి కవర్లో పెడుతుంటే, ఆపరేషన్‌కి సంతకం ఎవరు పెట్టారు పిన్నీ అన్నాను.

‘మీ బాబాయి. నాకప్పటికే సెలైన్ ఎక్కిస్తున్నారుగా’ అంది.