కుర్చీలోంచి లేవనివాళ్లు కేలీ చచ్చిపోయిందని తీర్పులు చెప్పకండి

నిన్న రాత్రి పిల్లల స్కూల్ వాళ్లు ఫండ్స్ కోసం పెట్టిన కేలీకి వెళ్లొచ్చాం. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకి కేలీ గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: హాల్లో బ్యాండ్ వాయిస్తుంటుంది, ఒకాయన మైకులో స్టెప్పులు చెప్తుంటాడు, ముక్కూమొహం తెలియని వాళ్లతో కూడా చేతులు కలిపి చెమటలు కక్కేదాకా డాన్సు చెయ్యడమే పని. నిన్నటి బ్యాండ్‌లో ఫిడేలు, అకార్డియన్‌తో పాటు ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్, ఒక లాప్‌టాప్ ఉన్నాయి. రెండో సగంలో స్ట్రిప్ ద విల్లో అనే డాన్సుకి ఫిడేలు కింద క్లబ్ బీట్ ఎక్కించారు. హాలు ఊగిపోయింది.

ఇంటికొచ్చి ఫోన్ తీస్తే మన తెలుగు గ్రూపులో ఆ వీడియోనే. మాతో పాటు వచ్చిన ఒక పెద్దమనిషి పెట్టారు. కింద ఇలా రాశారు: "వీళ్ల సంప్రదాయాన్ని వీళ్లే డీజే చేసి మంటగలుపుతున్నారు. ఒరిజినల్ కేలీ చచ్చిపోయింది." దాని కింద వరసపెట్టి దండాలు, "బాగా చెప్పారు సార్"లు.

ఆయన సాయంత్రం మొత్తంలో ఒక్కసారి కుర్చీలోంచి లేవలేదు. గే గోర్డన్స్‌కి లేవలేదు. డాషింగ్ వైట్ సార్జెంట్‌కి ముగ్గురేసి కావాలి, ఒక మనిషి తక్కువయ్యారని కాలర్, అంటే స్టెప్పులు చెప్పేవాయన, స్వయంగా టేబుల్ దగ్గరికొచ్చి పిలిస్తే, వీడియో తీస్తున్నానని ఫోన్ చూపించారు. ఒక్క అడుగు కూడా వెయ్యని మనిషికి ఆ డాన్సు బతికుందో పోయిందో ఎలా తెలిసింది? ఒళ్లు మండి నిద్ర పట్టక రాస్తున్నాను.

ఆ వీడియోలో నెరిసిన జుట్టావిడ ఒకరు కనిపిస్తారు. ఆవిడ మా వరసలోనే, నా పక్కనే ఉన్నారు. డెబ్బై దాటి ఉంటాయి. స్ట్రిప్ ద విల్లోలో నాలుగు జంటలు ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబడతాయి. పై జంట గిరగిరా తిరిగాక, అమ్మాయి తన జోడీని కుడిచేత్తో, ఎదుటి వరసలో ఒక్కొక్కరినీ ఎడమచేత్తో తిప్పుకుంటూ చివరిదాకా దిగాలి. తర్వాత అతని వంతు. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి. నేను అరచెయ్యి ఇస్తే ఆవిడ దాన్ని పక్కకి నెట్టి, నా మోచేతిని తన మోచేతిలో బిగించి, "ఇలా పట్టుకో, లేకపోతే వెళ్లి గోడకి కొట్టుకుంటావ్" అన్నారు. సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ ముందున్న కుర్రాడు బీట్ మార్చాడు. ఆవిడ అడుగు ఎక్కడా తడబడలేదు. ఎనిమిదో బార్ (తాళంలో ఒక చిన్న ముక్క) అయ్యేసరికి ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నారు. డాన్సు అవగానే బ్యాండ్ వైపు తిరిగి, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశారు. కేలీ చచ్చిపోయిందో లేదో ఆవిడని అడగండి. చిన్నప్పటి నుంచి ఆడుతున్న మనిషి చెప్పాలి గానీ, టేబుల్ మీద చిప్స్ తింటూ కూర్చున్నవాళ్లు కాదు.

ఇక్కడ చాలా స్కూళ్లలో డిసెంబర్ వచ్చిందంటే పీఈ క్లాసులో ఈ డాన్సులే నేర్పిస్తారు, క్రిస్మస్ పార్టీ కోసం. మా అమ్మాయీ అలాగే నేర్చుకుంది. అబ్బాయిల చెయ్యి పట్టుకోవడానికి సిగ్గుపడి స్వెట్టర్ స్లీవ్ వేళ్ల దాకా లాక్కుని, ఆ ఉన్ని కొసతో పట్టుకునేవాళ్లట. అదే పిల్ల నిన్న ఆ బీట్ రాగానే ఫ్రెండ్స్‌ని లాక్కుని మధ్యలోకి దూకింది. పదమూడేళ్ల పిల్ల, డెబ్బై ఏళ్లావిడ ఒకే వరసలో ఒకరినొకరు తిప్పుకున్నారు. మన ఫంక్షన్లలో ఇది జరిగి ఎన్నాళ్లయింది? ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు బీట్ సంగతి. ఈ డాన్సు పాటలు ఎనిమిదేసి బార్ల ముక్కలుగా నడుస్తాయి. మామూలుగా ముప్పై రెండు బార్లయితే ఒక ఆవర్తం. ఆడేవాళ్లు లెక్కపెట్టరు, ఎప్పుడు తిరగాలో చెవే చెప్తుంది. బ్యాండ్ ఒక్క బార్ అటూ ఇటూ చేస్తే హాల్లో జనం ఒకరినొకరు గుద్దుకుంటారు. క్లబ్ సంగీతం కూడా ఎనిమిది, పదహారు, ముప్పై రెండు బార్ల లెక్కలోనే కడతారు. అందుకే అవి రెండూ అంత సుఖంగా కలిసిపోతాయి. డ్రమ్స్ ఎలా మోగినా, గిటార్ ఎంత అరిచినా, ఆ ఎనిమిది మాత్రం కదలదు. నిన్నటి బ్యాండ్ దాన్ని ఒక్కసారి కూడా కదపలేదు. ఫిడేలు అమ్మాయి కళ్లు సాయంత్రమంతా ఆడేవాళ్ల కాళ్ల మీదే ఉన్నాయి. ఒక వరస వెనకబడితే అకార్డియన్ ఆయనకి తల ఊపేది, వాళ్లు సర్దుకునేదాకా ఆ ట్యూన్ ఇంకోసారి తిప్పేవాళ్లు. అంత శ్రద్ధ పెట్టి వాయించిన పిల్లల మీద "మంటగలిపారు" అని రాయడానికి నోరెలా వచ్చింది?

ఏది ఒరిజినల్ అంటారో చెప్పండి. అకార్డియన్ అయితే, అది 19వ శతాబ్దంలో యూరప్‌లో పుట్టి ఇక్కడికొచ్చిన పెట్టె. దాంతో స్కాటిష్ డాన్సు బ్యాండ్‌కి రూపం తెచ్చినవాళ్లలో అందరికంటే పెద్ద పేరు జిమ్మీ షాండ్. 1908లో ఫైఫ్‌లో పుట్టి, చిన్న వయసులో బొగ్గు గనిలో దిగి పనిచేసిన మనిషి. 1955లో ఆయన వాయించిన బ్లూబెల్ పోల్కా బ్రిటన్ టాప్ 20లోకి ఎక్కింది. పోల్కా డాన్సు ఎక్కడిది? ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియాది. వాల్ట్‌జ్? అదీ బయటి నుంచి వచ్చిందే. కేలీ బ్యాండ్‌లో పియానో, డ్రమ్ సెట్ 20వ శతాబ్దపు డాన్సు బ్యాండ్ల పుణ్యం. ఇంకా వెనక్కి వెళ్తే 18వ శతాబ్దంలో పెర్త్‌షైర్ ఫిడేలు విద్వాంసుడు నీల్ గౌ, పక్కన చెల్లో అనే పెద్ద ఫిడేలు లాంటి వాయిద్యంతో ఆయన సోదరుడు డోనాల్డ్. ఆ రోజుల్లో అదే కొత్త జోడీ అయ్యుంటుంది. చెవికి బాగున్నదాన్నీ, కాలికి ఊపిచ్చినదాన్నీ వాళ్లు ఎప్పుడూ కలుపుకుంటూనే వచ్చారు.

మన ఫిడేలు సంగతి మర్చిపోయారా? అది మనకీ సముద్రం దాటే వచ్చింది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో పలికిన ఫిడేలు మనది కాదని అనే ధైర్యం ఎవరికుంది? పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. కరెంటు పెట్టినంత మాత్రాన రాగం పోయిందా?

మార్టిన్ బెన్నెట్ పేరు మన గ్రూపులో ఎంతమంది విన్నారో నాకు తెలియదు, వినాలి. బ్యాగ్‌పైప్, ఫిడేలు చిన్నప్పుడే చేతికొచ్చిన మనిషి. క్లాసికల్ చదువు చదివి, క్లబ్ సంగీతంలోకి దిగి రెండిటినీ కలిపాడు. క్యాన్సర్‌తో శరీరం సహకరించని రోజుల్లో 2003లో గ్రిట్ అనే ఆల్బమ్ తెచ్చాడు. ఊరూరా తిరిగే ట్రావెలర్ గాయకుల పాత రికార్డింగులు తీసుకుని, వాటి కింద బీట్లు కట్టాడు. 2005లో 33 ఏళ్లకే పోయాడు. ఆ ముసలి గొంతులు నా చెవిన పడ్డది ఆయన వల్లే. ఎడిన్‌బరాలో షూగల్‌నిఫ్టీ బ్యాండ్ 1990ల నుంచి ఇదే దారిలో ఉంది, రాజస్థాన్ జానపద కళాకారులతో కలిసి ఆల్బమ్ కూడా చేసింది. వీళ్లంతా సంప్రదాయాన్ని చంపినవాళ్లా?

చంపాలని చూసినవాళ్లు ఎవరో కావాలంటే అలెగ్జాండర్ కార్మైకేల్ 1900లో అచ్చేసిన గేలిక్ (స్కాట్లాండ్ పాత భాష) పాటలు, ప్రార్థనల సేకరణ ముందుమాట చదవండి. కొత్తగా వచ్చిన మంచివాళ్లు, మతబోధకులు పాటలూ డాన్సులూ పాపమని మాన్పించి, జనం చేత పైపులు, ఫిడేళ్లు విరగ్గొట్టించి కాల్పించారని లూయిస్ దీవి స్త్రీ ఒకామె ఆయనకి చెప్పింది. వాళ్లూ "మంచి కోసమే" చేశారు. పవిత్రత పేరుతో వచ్చేవాళ్లతోనే ఎప్పుడూ భయం.

అలాగని లాప్‌టాప్ పెట్టిన ప్రతిదీ గొప్పదని నేననను. బతుకమ్మ దగ్గర డీజే పెట్టి, చుట్టూ తిరిగే ఆడవాళ్ల పాట వాళ్లకే వినబడకుండా చేస్తే నాకూ కడుపు రగిలిపోతుంది. అక్కడ పాడేది వాళ్లు, ఆ గొంతు నొక్కేశాక చప్పట్లు ఒక్కటే మిగుల్తాయి. నేను చూసేది ఒక్కటే, చుట్టూ ఉన్న మనిషి లోపలికొచ్చాడా, బయటికి పోయాడా. నిన్న అందరూ లోపలికొచ్చారు, ఆయన తప్ప.

ఇప్పుడు నా అసలు కడుపుమంట చెప్తాను. ఇదే పెద్దమనిషి కిందటి ఉగాదికి కమిటీలో ఉన్నారు. ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్న కుర్రాడొకడు ఉన్నాడు, జనగామ దగ్గరి పల్లె. వచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టలు తగ్గించుకుని డప్పు తెచ్చుకున్నాడు. ఇక్కడి తేమకి తోలు సాగిపోతుంది. ఫ్లాట్‌లో మంట పెడితే అలారం మోగుతుంది కాబట్టి హీటర్ ముందు తిప్పి తిప్పి కాస్తాడు. మా ఇంట్లో ఒకసారి కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల పట్టుకుని మొదలుపెడితే, పిల్లలు సోఫాల మీద నుంచి దిగి, ఎవరూ చెప్పకుండానే అడుగు కలిపారు. ఉగాదికి హాలు మధ్యలో కుర్చీలు తీసేసి, వీడి డప్పుకి అందరం కోలాటం వేద్దామని నేను అడిగాను. వచ్చిన జవాబు: "అది చావుకి కొట్టేదమ్మా, పండక్కి ఏం బాగుంటుంది? పైగా చీఫ్ గెస్ట్ వస్తున్నారు."

ఆ మాట వాడు వింటుండగానే అన్నారు. బయటికొచ్చాక వాడే నన్ను ఊరుకోబెట్టాడు. "వద్దులే అక్కా, మా ఊర్ల కూడా ఇట్లనే అంటరు." అంత దూరం నుంచి చదువుకోడానికొచ్చిన పిల్లాడికి మన ఊళ్లో వేసిన అంటరానితనపు ముద్రే ఇక్కడా వేశాం. డప్పు ఎవరి ఇళ్ల నుంచి వచ్చిందో తెలుసు కాబట్టే ఆ మాట అన్నారు. చావుకి కొడతారనేది సాకు. పెళ్లికీ జాతరకీ కొట్టరా?

మరి ఉగాదికి ఏం పెట్టారు? స్టేజీ మీద పట్టు లంగాల్లో ఎనిమిది మంది పిల్లలు, లాప్‌టాప్‌లోంచి సినిమా పాట, చేతుల్లో కోలాటం కర్రలు. కింద కుర్చీల్లో మనమంతా ఫోన్లు పైకెత్తి కూర్చున్నాం. పక్కవాడి కర్రతో కర్ర కలిపి తిరగాల్సిన ఆటని దూరం నుంచి చూసే ఐటమ్ చేశారు. అప్పుడు ఆయనకి సంప్రదాయం గుర్తు రాలేదు, ఒరిజినల్ గుర్తు రాలేదు. స్కాట్లాండ్ వాళ్ల ఫిడేలు కింద బీట్ పడితే గుండె తరుక్కుపోయిన మనిషికి, మన తోలు వాయిద్యం అంటే ఎందుకంత అసహ్యం? ఈ ప్రశ్న గ్రూపులోనే అడిగాను. బ్లూ టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.

వచ్చే ఉగాదికి కమిటీ మీటింగ్ ఈ నెలలోనే ఉంది. నేను వెళ్తున్నాను. కుర్చీలు గోడ వారన ఉండాలి. కోలాటానికి పాట మనుషులే పాడాలి. డప్పు ఉండాలి, ఆ పిల్లాడిని కమిటీయే పిలవాలి, వాడికి ఫీజు ఇవ్వాలి. బ్యాండ్‌కి ఇస్తాం, డీజేకి ఇస్తాం, వాడికి ఎందుకివ్వం? గిటార్ వాయించే పిల్లలు మన వాళ్లలోనే ఉన్నారు, కావాలంటే వాళ్లూ వచ్చి డప్పు పక్కన నిలబడండి. ఈ పోస్టుకి లైక్ కొట్టి ఊరుకోకుండా మీటింగ్‌కి రండి, ముఖ్యంగా ఆడవాళ్లు. చెయ్యెత్తే వాళ్లు తక్కువై పోయినసారి నా మాట వీగిపోయింది.