జాబితా పక్కన గంటలు కూడా రాయండి

టైమ్ మేనేజ్‌మెంట్ మీద సలహాలకు కొదవ లేదు. తెల్లవారుజామునే లేవండి, ఫోన్ దూరంగా పెట్టండి, ఫలానా యాప్ వాడండి అంటారు. అవేవీ చెడ్డవి కావు గానీ అసలు చిక్కు వేరే చోట ఉందని నా అభిప్రాయం. పొద్దున్నే రాసుకునే జాబితాలో పనులుంటాయి, వాటికి పట్టే సమయం మాత్రం ఉండదు. ఉద్యోగం పోగా నాలుగు గంటలు మిగిలే రోజుకు పది పనులు రాసేస్తాం. ఒక్కోదాని పక్కన గంటలు వేసి కూడితే తొమ్మిదో పదో తేలతాయి. ఆ కూడిక ఎవరూ వేయరు. రాత్రికి సగం పనులు మిగిలిపోతే మాత్రం మనకు క్రమశిక్షణ లేదని తిట్టుకుంటూ పడుకుంటాం.

గంటలు వేసినా, తక్కువే వేస్తాం. డేనియల్ కానెమన్, ఏమాస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ బలహీనత గురించి 1979లోనే రాశారు. 1994లో అచ్చయిన ఒక అధ్యయనం ఇంకా తమాషాగా ఉంటుంది. డిగ్రీ చివర్లో థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే, వాళ్ల అంచనా సగటున 34 రోజులు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్లు అని అడిగితే 49 అన్నారు. చివరికి పట్టింది 55 రోజుల పైనే! అంటే వాళ్లు ఊహించిన గడ్డుకాలం కూడా అసలు జరిగినదానికంటే నయమే. అందుకే 'ఈ పనికి ఎంతసేపు పడుతుంది' అనే ప్రశ్నను నేను నమ్మను. 'కిందటిసారి ఎంతసేపు పట్టింది' అని అడగాలి. ట్యాక్స్ కాగితాలు సర్దడానికి పోయినేడాది రెండు సాయంత్రాలు పడితే, ఈ ఏడాది అరగంటలో అయిపోదు.

గంటలు రాశాక కొన్ని పనులు కొట్టేయక తప్పదు. అక్కడే మనసు మోసం చేస్తుంది. గడువు దగ్గర పడినట్టు కనబడితే చాలు, ప్రతిఫలం తక్కువని తెలిసినా జనం ఆ పనివైపే మొగ్గుతారని 2018లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. వాట్సాప్ మోగగానే చేతిలో పని వదిలేయడం ఈ కోవలోదే. డాక్టర్ చెకప్, వీలునామా, పిల్లాడితో కూర్చుని మాట్లాడటం లాంటివి ఎన్నడూ మోగవు. వాటిని 'ఈ వారంలో' అని రాస్తే జరగవు. గురువారం సాయంత్రం ఆరింటికి అని క్యాలెండర్‌లో ఎక్కిస్తే జరిగే అవకాశం ఉంది.

అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో, అర్జెంటువి ముఖ్యమైనవి కావని, ముఖ్యమైనవి ఎప్పుడూ అర్జెంటు కావని వేరొకరి మాటగా చెప్పారు. పనులను అర్జెంటా కాదా, ముఖ్యమా కాదా అని విడదీసే నాలుగు గళ్ల పట్టిక ఒకటి తర్వాత ఆయన పేరుతో ప్రచారంలోకి వచ్చింది, చాలామంది చూసే ఉంటారు. అందులో ఒక గడి, అర్జెంటే గానీ ముఖ్యం కాని పనిని ఇంకొకరికి అప్పగించమంటుంది. దేశాధ్యక్షుడికైతే అప్పగించడానికి మనుషులుంటారు. ఇంట్లో ఎవరికి అప్పగించాలి?

ఈ ప్రశ్న చాలా ఇళ్లలో రానే రాదు, ఎందుకంటే జాబితా మొత్తం ఒకే మనిషి బుర్రలో ఉంటుంది. ఎక్కువగా అది ఇల్లాలి బుర్రే. స్కూలు ఫారం ఎప్పుడివ్వాలి, ఏ మందు అయిపోవచ్చింది, ఎవరి పుట్టినరోజు వస్తోంది, అన్నీ ఆమెకే గుర్తుండాలి. "చెప్తే చేస్తాను కదా" అంటారు మిగతావాళ్లు, మంచి మనసుతోనే. కానీ గుర్తుపెట్టుకోవడం, సరైన సమయానికి చెప్పడం, అయిందో లేదో చూసుకోవడం కూడా పనే. ఆమెకు ప్లానర్ కొనిచ్చి టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకోమనడం అన్యాయం.

అప్పగిస్తే పూర్తిగా అప్పగించాలి. పిల్లల డాక్టర్ వ్యవహారం భర్తదైతే, అపాయింట్‌మెంట్ తీసుకోవడం, సెలవు పెట్టుకోవడం, ఇన్సూరెన్స్‌తో మాట్లాడటం అన్నీ ఆయనవే. మొదట్లో ఒకటి రెండు ఆలస్యాలు జరుగుతాయి, ఒక ఫైన్ కూడా పడొచ్చు. ప్రాణం మీదికి వచ్చేదైతే తప్ప, ఆ రోజుల్లో పక్కనుంచి గుర్తుచేయొద్దు. గుర్తుచేస్తే ఆ పని మళ్లీ ఆమె జాబితాలోకే వచ్చి చేరుతుంది.